తడిసినా చెడని చిన్న కెమెరా కొనాలా, ఫోన్ చాలదా?

కోరంగి మడ అడవుల్లోనూ అంతర్వేది వైపు లంకల్లోనూ నావల మీద తిరగబోతున్న మీరు, నీరూ దుమ్మూ లోపలికి పోనివ్వదని చెప్పే ఐపీ 68 గుర్తింపు ఉన్న ఫోన్ చేతిలో ఉండగా నీటికీ దెబ్బకూ ఓర్చే చిన్న కెమెరా మీద మళ్లీ డబ్బు పోయడం దండగేమోనని అడిగారు. దండగ కాదు. వృక్షశాస్త్రం పాఠాలు చెప్పుకుంటూ, ఏటా పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ బురదలో దిగేవాడిగా, ఇలాంటి కెమెరాలు రెండు వాడి అందులో మొదటిదాన్ని చేజేతులా చంపుకున్నవాడిగా ఈ మాట చెబుతున్నాను. ఎలా చంపుకున్నానో చెబితే మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే దొరుకుతుంది.

అది మాఘమాసపు ఉదయం. కోరంగి నుంచి చిన్న నావ మీద ఒక సన్నని పాయలోకి వెళ్లాం. నావ నడిపే పెద్దాయన "పాటు తీసేత్తందండి మాస్టారూ, ఎక్కువసేపుంటే ఇక్కడే కూకోవాలండి" అని ముందే హెచ్చరించాడు గానీ నేను చెవిన పెట్టలేదు. నీరు దిగిపోయిన ఒడ్డున మడచెట్ల శ్వాసమూలాలు బురదలో పెన్సిళ్లు గుచ్చినట్టు నిలబడి ఉన్నాయి. వాటి మధ్య బొటనవేలంత పీత ఒకటి, తన ఒళ్లంత పెద్దదైన ఒకే ఒక్క డెక్కను పైకెత్తి, ఎవరినో పిలుస్తున్నట్టు ఊపుతోంది. దాన్ని వీడియో తీయాలని నావ అంచు మీదికి వంగాను. కెమెరా తాడు మణికట్టుకు తగిలించుకోవడం బద్ధకించాను. వేళ్ల సందున కెమెరా జారి బుడుంగున మునిగింది. ఇవి నీళ్లలో చెడవు సరే, కానీ చాలావరకు తేలవు కూడా. కొనేటప్పుడు ఈ సంగతి ఏ దుకాణదారూ చెప్పడు.

పెద్దాయన ఏమీ మాట్లాడకుండా లుంగీ ఎగగట్టి దిగాడు. తొడలోతు బురదనీటిలో, గుల్లలు ఏరేవాళ్లు తడిమినట్టు పాదాలతో తడుముతూ నాలుగైదు నిమిషాలు తిరిగి, చివరికి కాలివేళ్లతోనే దాన్ని పైకి తీశాడు. నల్లటి ఒండ్రు ముద్దలో నుంచి ఎర్రటి చిన్న దీపం మిణుకుమంటూనే ఉంది, అంటే అది అంతసేపూ రికార్డు చేస్తూనే ఉందన్నమాట. ఆ వీడియో ఇప్పటికీ నా దగ్గర భద్రంగా ఉంది: ఒక్క క్షణం ఆకాశం, ఆ తర్వాత కాటుకలాంటి చీకటి, ఆ చీకటిలో కుండలోంచి వినిపిస్తున్నట్టు మా పిల్లల కేకలు.

ఇక నా గర్వానికి పట్టపగ్గాలు లేవు. మధ్యాహ్నం గట్టు మీద పులిహోర పొట్లాలు విప్పుకుని కూర్చున్నప్పుడు, బ్యాటరీ అయిపోవచ్చిందని అక్కడే కెమెరా మూత తెరిచాను. చేతులు తడిగా ఉన్నాయి. మూత చుట్టూ ఉండే రబ్బరు రింగు మీద ఇసుక కనిపిస్తే ఉఫ్ మని నోటితో ఊది, భుజాన ఉన్న తువ్వాలుతో తుడిచి, కొత్త బ్యాటరీ వేసి, టక్కుమని మూశాను. పిల్లలకు చూపించాలన్న ఉబలాటంతో దాన్ని పక్కనున్న బక్కెట్లో ముంచాను కూడా. మూరెడు లోతు లేదు. తీసి చూస్తే లెన్సు లోపల ఆవిరి పట్టింది, కాసేపటికి తెర మీద ఆకుపచ్చ చారలు వచ్చాయి, ఆ తర్వాత ఏమీ రాలేదు. మూత తెరిస్తే రింగుకు అడ్డంగా వెంట్రుక మందాన తువ్వాలు నూలుపోగు ఒకటి అంటుకుని ఉంది. పెద్దాయన దాన్ని తేరిపార చూసి, "బురదలో పడితే బతికిందండి, తువ్వాలెట్టి తుడిత్తే సచ్చిందండి" అన్నాడు. నేను ఇప్పటివరకు చదివిన ఏ సమీక్షలోనూ ఇంతకంటే సరైన మాట కనిపించలేదు.

ఈ కెమెరాల పెట్టె మీద రాసే అంకెలన్నీ ఆ రింగు శుభ్రంగా ఉన్నంతవరకే నిజం. 2019లో వచ్చిన ఒలింపస్ టీజీ-6 గానీ, దాని వారసుడిగా 2023లో వచ్చిన టీజీ-7 గానీ 15 మీటర్ల లోతుకు, 2.1 మీటర్ల ఎత్తు నుంచి పడటానికి, 100 కిలోల బరువుకు ఓరుస్తాయని తయారీదారు చెబుతాడు. ఆ మాటను నేను శంకించడం లేదు. కానీ నూలుపోగు ఉన్న చోట నీరు దారి వెతుక్కోవడానికి 15 మీటర్లు అక్కరలేదు, బక్కెట్ చాలు. పైగా నీళ్లు లోపలికి వెళ్తే గ్యారంటీ వర్తించదని బాగుచేసే చోట నాకు చల్లగా చెప్పారు. నీళ్లలో వాడమని అమ్మిన వస్తువుకు నీళ్ల నష్టం వర్తించదట! ఈ న్యాయం నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

మీ ఫోన్ సంగతి. ఐపీ 68 పరీక్ష కదలని మంచినీటిలో చేస్తారు, మన కయ్యల ఉప్పునీటిలో కాదు. అది ప్రమాదవశాత్తూ తడిస్తే గట్టెక్కించే ఏర్పాటే తప్ప, రోజంతా తడుపుతూ పని చేసుకోమని ఇచ్చిన అనుమతి కాదు. అంతకంటే పెద్ద చిక్కు తెర. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, ముంపులో ఉన్న మా బంధువుల కొబ్బరితోటనూ పశువుల పాకనూ నష్టపరిహారం దరఖాస్తు కోసం ఫోటోలు తీయాల్సి వచ్చింది. జోరువానలో ఫోన్ తెర ప్రతి చినుకునూ వేలు అనుకుని తనంతట తానే ఏవేవో తెరిచేస్తుంటే, రెండో కెమెరా మాత్రం గట్టి మీటలు ఉన్న పాపానికి, కాదు పుణ్యానికి, తడిచేతితో నొక్కినా చెప్పిన పని చేసింది. ఫిల్ము రోజుల్లో జపాను కోనికా సంస్థ ఇలాంటి కెమెరాకు 'గెంబా కంతోకు', అంటే పని జరిగే చోట ఉండే మేస్త్రీ అని పేరు పెట్టి కట్టడాల దగ్గర పనిచేసేవాళ్లకు అమ్మింది. నా దృష్టిలో దీని అసలు జాతి అదే. సెలవుల్లో ఈతకొలనులో తీసుకునే ఫోటోలు తర్వాత వచ్చిన సరదా.

ఫోటో నాణ్యతలో మాత్రం మీ ఫోనే గెలుస్తుంది, ముఖ్యంగా సాయంత్రం వెలుగులో. ఈ కెమెరాల్లో సెన్సర్ చిటికెనవేలి గోరంతే ఉంటుంది, కాబట్టి చీకటి పడేసరికి బొమ్మంతా రవ్వ చల్లినట్టు అవుతుంది. అలాగే ఎక్కువ లోతుకు ఓర్చేదే కావాలని ఎగబడకండి. ఎర్రనీరు వచ్చిన గోదావరిలో జానెడు లోతున పెట్టినా కనిపించేది చిక్కటి టీ డికాషనే.

మరి ఎందుకు కొనాలంటే, దగ్గర చూపు కోసం. టీజీ రకంలో లెన్సుకు ఒక సెంటీమీటరు దూరంలో ఉన్నదాన్ని కూడా తీయవచ్చు. మడ ఆకును తిరగేసి దాని దగ్గరగా పెడితే, చెట్టు తన ఒంట్లోని ఉప్పును ఆకుల మీదికి తోసేసిన గుర్తుగా, పటిక పలుకుల్లాంటి స్ఫటికాలు ఒక్కొక్కటే లెక్కపెట్టగలిగేంత పెద్దవిగా తెర మీదికి వస్తాయి. ఆ ఫోటో చూశాక మా పిల్లలందరూ తలా ఒక ఆకు నాలుకకు రాసుకుని ముఖాలు ముడుచుకున్నారు; అంతకుముందు రెండు తరగతులు దాని గురించే చెప్పినా ఒక్కరూ తల ఎత్తలేదు. అన్నట్టు, నా పీతల ఫోటోల్లో సగానికి వెనక గుట్కా పొట్లమో నీళ్ల సీసానో తప్పకుండా ఉంటుంది. ఒక సెంటీమీటరు దూరం నుంచి తీస్తేనే గానీ మన పర్యాటకులు వదిలివెళ్లిన చెత్త చట్రం బయట ఉండటం లేదు.

మడచెట్టు ఉప్పును తానే బయటికి తోసుకుంటుంది గానీ కెమెరాకు ఆ విద్య రాదు. ఇంటికి రాగానే మూత తెరవకుండానే మంచినీళ్ల బక్కెట్లో పదిహేను నిమిషాలు నానబెట్టి, మీటలన్నీ నీళ్లలోనే నొక్కి, నీడన ఆరబెట్టండి. ఉప్పు ఎండితే మీటలు పట్టేస్తాయి. బ్యాటరీ, కార్డు ముందు రోజు రాత్రి ఇంట్లోనే వేసుకుని, రింగును నూలు రాలని గుడ్డతో తుడిచి, దీపం కింద ఒకసారి చూసి మూయండి. నావ మీద మాత్రం, ఎవరు అడిగినా, తెరవకండి.

రెండో కెమెరా కొన్నాక ఆ పెద్దాయనే తన వల నుంచి ఒక బెండు కోసి తాడుకు కట్టి ఇచ్చాడు. బక్కెట్లో వేస్తే బెండుతో సహా మునిగింది. ఇంకొకటి కట్టాడు, అప్పుడు తేలింది. మీరు కూడా ఎన్ని బెండ్లు కావాలో ఇంటి దగ్గరే తేల్చుకుని బయల్దేరండి, వాటికి ఎర్రరంగు వేస్తే ఆ బురదనీటిలో దూరం నుంచైనా కనిపిస్తాయి.