వెన్నుపాముకు స్టెమ్‌సెల్ సూదులు: ఆరు లక్షలు కట్టేముందు

ప్రశ్న: మా తమ్ముడికి 29 ఏళ్లు. తాటిచెట్టు మీంచి పడి 14 నెలలైంది. టీ12 పూస (ఛాతీ వెనక వెన్నుపూసల్లో చివరిది) విరిగితే రాడ్లు వేశారు. నడుము కింద కదలిక, స్పర్శ లేవు. రిపోర్టులో ‘ఏషియా-ఏ’ (గాయం కింద కదలిక, స్పర్శ పూర్తిగా పోయిన స్థాయి) అని ఉంది. ఎముక మజ్జలోంచి స్టెమ్‌సెల్స్ తీసి వెన్నులో నాలుగు సూదులు వేస్తే నడుస్తాడని ఒక సెంటర్‌ వాళ్లు ఆరు లక్షలు అడుగుతున్నారు. చేయించమంటారా?
- ఒక పాఠకురాలు, నల్లగొండ జిల్లా

జవాబు: వద్దమ్మా. వెన్నుపాము నలిగిన చోట ఇన్ని నెలలకు నీటితిత్తి లాంటి ఖాళీ, దాని చుట్టూ మచ్చ మిగులుతాయి. తెగిన నరపోగులు వాటిని దాటలేవు. నడుములో సూదితో వదిలిన మజ్జ కణాలు అక్కడ నరాలుగా మారవు, వంతెనా కట్టవు. కొన్నాళ్లు వాపు తగ్గించే రసాయనాలు వదులుతాయి, అంతే. గాయం పచ్చిగా ఉన్నప్పుడు వేస్తే ఉపయోగం ఉంటుందేమో ఇంకా పరీక్షిస్తున్నారు.

నిజంగా వంతెన కట్టిన ప్రయత్నం 2012లో పోలండ్‌లో జరిగింది. పుర్రె తెరిచి, మెదడు అడుగున వాసన పసిగట్టే భాగం (ఆల్ఫాక్టరీ బల్బు) ఒకటి తీసి, అందులోని కణాలను పెంచి వెన్నుపాములోకి ఎక్కించారు. 8 మి.మీ. ఖాళీని కాలి నరం ముక్కలతో పూడ్చారు. ఆ రోగి వాకర్ పట్టుకుని అడుగులు వేశారు. కానీ అది ఒక్క మనిషి అనుభవం, కత్తిపోటుతో శుభ్రంగా తెగిన గాయం, పైగా ఏళ్లపాటు రోజూ గంటలకొద్దీ వ్యాయామం. జపాన్‌లో కియో విశ్వవిద్యాలయం వాళ్లు ఐపీఎస్ కణాల (మామూలు కణాలను వెనక్కి మార్చి చేసిన స్టెమ్‌సెల్స్) నుంచి పెంచిన నరాల మూలకణాలను 20 లక్షల చొప్పున నలుగురికి ఎక్కించారు. అందరికీ గాయమైన నెలలోపే. 2025లో చెప్పిన ఫలితం: ఇద్దరికి మెరుగు, ఇద్దరికి చెప్పుకోదగ్గ మార్పు లేదు.

మన దేశంలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం స్టెమ్‌సెల్స్ చికిత్సగా ఇవ్వదగ్గది కొన్ని రక్తసంబంధ జబ్బులకే. మిగతావన్నీ ట్రయల్ (ప్రయోగం) కిందే జరగాలి, రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. కాబట్టి ఆ సెంటర్‌ను సీటీఆర్ఐ (దేశంలో జరిగే ట్రయల్స్‌ను నమోదు చేసే పట్టిక) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. ప్యాకేజీలో ఫిజియోథెరపీ కలిపే ఉంటుంది, దానివల్ల వచ్చిన మెరుగు కూడా సూది ఖాతాలోనే పడుతుంది. ఇన్ఫెక్షన్ వస్తే మెదడు పొరల వాపు, కొందరికి భరించలేని నరాల మంట రావచ్చు. రేపు మంచి ట్రయల్ వచ్చినా, ఇంతకుముందు స్టెమ్‌సెల్స్ వేయించుకున్నారని చేర్చుకోకపోవచ్చు.

ఆ డబ్బులో కొంత మంచి వీల్‌చెయిర్, మెత్తటి కుషన్, తొడ దాకా వచ్చే కాలిపర్లకు పెట్టండి. టీ12 గాయానికి చేతుల బలం పూర్తిగా ఉంటుంది, అదే పెద్ద ఆస్తి. కుర్చీలో 15-30 నిమిషాలకోసారి పిరుదులు పైకెత్తాలి, పడుకున్నప్పుడు రెండు గంటలకోసారి పక్క మార్చాలి. మూత్రానికి 4-6 గంటలకోసారి గొట్టం వేసుకోవాలి. ఒక్కసారికి 500 మి.లీ. దాటుతుంటే వ్యవధి తగ్గించండి, లేకపోతే కిడ్నీల మీద ఒత్తిడి పడుతుంది.

తిమ్మిరి నడుము నుంచి పొట్ట, ఛాతీ వైపు పాకుతుంటే మాత్రం ఆగకండి. లోపలి నీటితిత్తి పెరుగుతోందేమో ఎమ్మారైలో చూడాలి.