ఆరుబయట మనిషి బొమ్మ: నీడ మట్టిరంగుకు తిరగకుండా

ప్రశ్న: మూడేళ్లుగా ఇంట్లోనే ఫొటోలు చూసి ఆయిల్ రంగులతో మనుషుల బొమ్మలు వేస్తున్నాను. ఇంప్రెషనిస్టుల (మారే వెలుగును అక్కడికక్కడే రంగుల్లో పట్టిన పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచ్ చిత్రకారుల) పద్ధతి నేర్చుకోవాలని, మా చెల్లెలిని పెరట్లో వేపచెట్టు కింద కూర్చోబెట్టి వేశాను. ముఖం మీది నీడ మట్టిరంగుకు తిరిగింది. చీర కుచ్చెళ్ల దాకా వచ్చేసరికి ఎండ జరిగిపోయి వెలుగుకు పొంతన లేకుండా పోయింది. పొరపాటు ఎక్కడ ఉంది? ఇంటికి తెచ్చి పూర్తిచేయవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: గదిలో ఒక్క కిటికీ వెలుగులో వేసేటప్పుడు నీడకు ముదురు గోధుమరంగు సరిపోతుంది, ఆ అలవాటే మిమ్మల్ని పెరట్లో ఇబ్బంది పెట్టింది. ఆరుబయట నీడలోకి కూడా పై నుంచి ఆకాశపు నీలం, కింది నుంచి నేల మీద పడి ఎగసిన ఎండ చేరుతూనే ఉంటాయి కనుక, భుజం వంటి పైకి తిరిగిన భాగాలు నీలి ఛాయలోనూ, గడ్డం అడుగు భాగం వెచ్చని ఛాయలోనూ కనిపిస్తాయి. ఆ ఇంప్రెషనిస్టులలో ఒకడైన క్లాడ్ మోనే 1875లో తన భార్య గొడుగు పట్టుకుని నిలుచున్నట్లు వేసిన చిత్రాన్ని శ్రద్ధగా చూడండి. ఆమె తెల్లని దుస్తుల నీడ నీలంగా ఉంటుంది, చేతి అడుగున గడ్డిపూల పసుపు మెరుస్తుంది, ముఖమైతే మేలిముసుగు చాటున కొన్ని కుంచె గీతలు మాత్రమే. అయినా అది ఎండలో నిలుచున్న మనిషేనని మనకు సందేహం కలగదు. కాబట్టి కొన్నాళ్లు నలుపు, బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ) రంగులను పక్కన పెట్టి, అల్ట్రామెరీన్ నీలానికి ఎరుపు, పసుపు, తెలుపు కలిపి నీడలు వేయండి.

చెట్టు కింద మొదలుపెట్టడం కూడా తొందరపాటే. ఆకుల సందుల నుంచి రాలే వెలుగు మచ్చలను మరో ఇంప్రెషనిస్టు రెన్వార్ 1876 నాటి ‘ఊయల’ చిత్రంలో అందంగా పట్టుకున్నాడు కానీ, అవి క్షణక్షణం కదిలేవి. అమెరికాలోని ప్రావిన్స్‌టౌన్‌లో 1899లో చిత్రకళా బడి పెట్టిన చిత్రకారుడు చార్లెస్ హాథోర్న్ తన విద్యార్థుల ముందు మోడల్‌ను సముద్రతీరపు ఎండలో నిలబెట్టి, టోపీ నీడలోని ముఖానికి కళ్లూ ముక్కూ వేయకుండా, పుట్టీ పూసే బ్లేడుతో పెద్ద పెద్ద రంగుముద్దలను పక్కపక్కన పెట్టించేవాడు. నాకు తెలిసినంతలో ఇంతకు మించిన అభ్యాసం లేదు. మీ చెల్లెలిని కూడా ఎండ వీపున పడేలా ఖాళీ స్థలంలో నిలబెట్టి, జుట్టు, ముఖం, చీర, నేల అన్న నాలుగైదు ముద్దలతో ఒక గంటలో ముగించండి.

ఎండ జరిగిపోవడానికి మందు చిన్న కాన్వాసు, అంటే పది పన్నెండు అంగుళాలది. టర్పెంటైన్‌తో పలచన చేసిన రంగుతో ముందుగా నీడల అంచులను గుర్తించి, తరువాత ఎండ ఎంత జరిగినా వాటిని మార్చకండి. మిగిలిన పనికి మరునాడు అదే వేళకు కూర్చోవాలి. కాన్వాసు మీద, పాలెట్ (రంగులు కలిపే పలక) మీద నేరుగా ఎండ పడనీయకండి. ఎండలో ప్రకాశవంతంగా కనిపించిన రంగు ఇంట్లోకి తేగానే చీకటిగా తోస్తుంది.

ఇక ఇంట్లో పూర్తిచేయడం తప్పేమీ కాదు. రెండున్నర మీటర్ల పైచిలుకు ఎత్తున్న ‘తోటలో స్త్రీలు’ చిత్రం పై భాగం అందడానికి, కాన్వాసును దించేలా 1866లో తోటలో కందకం తవ్వించిన మోనే కూడా చివరి పని స్టూడియోలోనే చేశాడు. అయితే మీరు బయట చూసి వేసిన నీడ రంగులను మాత్రం ఇంట్లో ముట్టుకోకండి. అంచులు సరిచేసుకోండి, చాలు.