పనిచోట కళ్లకు రక్షణ: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం "మంచి సేఫ్టీ కళ్లజోడు ఏదో చెప్పండి" అని మాత్రమే అడుగుతున్నాయి. అన్ని పనులకూ సరిపోయే కళ్లజోడంటూ ఒకటి లేదు. కంటి మీదికి వచ్చేది రవ్వా, ద్రవమా, దుమ్మా, వెలుగా, వెలుగైతే ఏ రకం వెలుగు అన్నది తేలితే తప్ప సమాధానం చెప్పడం కుదరదు. అందుకే తాము చేసే పనిని వివరంగా రాసిన వారి ప్రశ్నలనే ఇక్కడ తీసుకున్నాను.

ప్రశ్న: మా షాపులో గేట్లూ, కిటికీ గ్రిల్సూ చేస్తాం. వెల్డింగ్ నేనే చేస్తాను. పక్కన ముక్కలు పట్టుకునే కుర్రాడికి బజారులో కొన్న నల్ల కళ్లజోడు ఇచ్చాను. అయినా వారానికోసారైనా రాత్రివేళ కళ్లలో ఇసుక పోసినట్లుందని నిద్ర లేకుండా బాధపడుతున్నాడు. నా షీల్డులోని నల్లద్దం మీద నంబరు కూడా చెరిగిపోయింది. మా ఇద్దరికీ ఏవి కొనాలో చెప్పగలరు. (ఒక పాఠకుడు, వరంగల్)

సమాధానం: ముందు కుర్రాడి సంగతి చూద్దాం. వెల్డింగ్ ఆర్క్ (రాడ్‌కూ ఇనుముకూ మధ్య మెరిసే విద్యుత్ వెలుగు) నుంచి వెలువడే అతినీలలోహిత కిరణాలు కంటి ముందుండే పారదర్శకమైన పొరను, అంటే కార్నియాను, పైపైన కాలుస్తాయి. ఆ క్షణంలో ఏమీ తెలియదు. సాధారణంగా ఆరు నుంచి పన్నెండు గంటల తరవాత నొప్పి, నీరు కారడం, వెలుతురు చూడలేకపోవడం మొదలవుతాయి కాబట్టే మీ కుర్రాడికి బాధ ఎప్పుడూ రాత్రిపూటే వస్తోంది. ఒకటి రెండు రోజుల్లో చాలావరకు దానంతటదే తగ్గుతుంది. ఒక రోజు గడిచినా నొప్పి తగ్గకపోయినా, చూపు మసకబారినా కంటి డాక్టరుకు చూపించాలి. పచ్చి పాల చుక్కలు వేయడం, బంగాళదుంప ముక్కలు కట్టడం మన దగ్గర ఇంకా జరుగుతూనే ఉన్నాయి. పై పొర దెబ్బతిన్న కంటిలోకి పచ్చి పాలు పోయడమంటే సూక్ష్మక్రిములను చేతులారా లోపలికి పంపడమే. మొద్దుబరిపించే చుక్కలను మందుల షాపులో కొని పదేపదే వేసుకోవడం అంతకంటే ప్రమాదం. నొప్పి తెలియదు గాని పుండు మానడం ఆగిపోతుంది.

బజారు నల్ల కళ్లజోడు ఈ పనికి రక్షణ కాదు. దాని నలుపు చూసి కంటిపాప పెద్దదవుతుంది. పక్కల నుంచీ, పైనుంచీ వెలుగు యథేచ్ఛగా లోపలికి వస్తుంది. సున్నం వేసిన గోడ, మెరిసే జీఐ షీటు ఆర్క్ వెలుగును తిప్పికొడతాయి కనుక, తల పక్కకు తిప్పుకున్నంత మాత్రాన కుర్రాడు తప్పించుకున్నట్లు కాదు.

నల్లద్దం నంబరును, అంటే అది ఎంత నలుపో చెప్పే అంకెను, కరెంటును బట్టి ఎంచుకోవాలి. అమెరికా వృత్తి భద్రతా సంస్థ పట్టిక ప్రకారం రాడ్ వెల్డింగులో 60 నుంచి 160 ఆంపియర్ల వరకు కనీసం 8వ నంబరు ఉండాలి, 10 అయితే మేలు. 160 నుంచి 250 వరకు కనీసం 10, మేలైనది 12. గ్రిల్ పనికి మామూలుగా వాడే రెండున్నర మిల్లీమీటర్ల, 3.15 మిల్లీమీటర్ల రాడ్లు దాదాపు 130 ఆంపియర్ల లోపే నడుస్తాయి కాబట్టి మీకు 10వ నంబరు చాలు. కొందరు "ఎంత నలుపైతే అంత మంచిది" అని 13 కొంటారు. అప్పుడు కరిగిన లోహం సరిగా కనబడక మొహం దగ్గరకు తెచ్చుకుంటారు, లేదా రాడ్ తగిలించేటప్పుడు షీల్డును పైకెత్తి చూస్తారు. అసలు దెబ్బ తగిలేది అక్కడే. నంబరు చెరిగిపోయిన అద్దాన్ని మాత్రం ఈ రోజే తీసి పారేయండి. నల్లద్దం ముందుండే తెల్లద్దం చవక వస్తువు. చిట్లి పడిన లోహపు చుక్కలతో అది గరుకుబారగానే మార్చండి.

గ్యాస్ కటింగ్ చేసేటప్పుడు ఈ 10వ నంబరు పనికిరాదు. 25 మిల్లీమీటర్ల లోపు ప్లేటును కోయడానికి 3 లేదా 4వ నంబరు గాగుల్స్ వాడాలి.

ఆర్క్ పడగానే తనంతట తాను నల్లబడే హెల్మెట్లు ఇప్పుడు చాలా షాపుల్లోకి వచ్చాయి. నాణ్యమైనదైతే, అద్దం తేటగా ఉన్నప్పుడు కూడా అతినీలలోహిత, పరారుణ కిరణాలను ఆపుతూనే ఉంటుంది. ముందున్న సెన్సారుకు చేయో, పైపో అడ్డొస్తే మాత్రం అది నల్లబడదు.

మీకైనా కుర్రాడికైనా నేను గట్టిగా చెప్పేది ఇంకొకటి ఉంది. షీల్డు కింద పక్కకవచాలున్న తేట పాలీకార్బొనేట్ (దెబ్బకు తట్టుకునే గట్టి ప్లాస్టిక్) కళ్లజోడు ఎప్పుడూ ఉండాలి. అతుకు చల్లారగానే వెల్డరు షీల్డు పైకెత్తి సుత్తితో స్లాగును, అంటే అతుకు మీద గట్టిపడిన పెచ్చును, కొడతాడు, గాజు పెంకులా వేడివేడిగా ఎగిరే ఆ ముక్క సరిగ్గా తెరుచుకున్న కంటి మీదికే వస్తుంది. తేట పాలీకార్బొనేట్ అతినీలలోహిత కిరణాలను చాలావరకు ఆపుతుంది కనుక, పక్క నుంచి పడే ఆర్క్ వెలుగు నుంచి కూడా కొంత కాపాడుతుంది. కానీ ఆర్క్‌ను నేరుగా చూడటానికి అది చాలదు. ముక్క పట్టుకునే కుర్రాడికి విడిగా 10వ నంబరు చేతి షీల్డు ఇవ్వాల్సిందే.

ప్రశ్న: చీమకుర్తి దగ్గర గ్రానైట్ కోత, అంచులు నున్నబరిచే పని చేస్తాను. నాకు చూపు అద్దాలున్నాయి. వాటి మీద గాగుల్స్ పెట్టుకుంటే ఆవిరి పట్టి పది నిమిషాల్లో ఏమీ కనిపించదు. చూపు అద్దాలే కొంత రక్షణ ఇస్తాయి గదా, గాగుల్స్ మానేయవచ్చా? (ఒక పాఠకుడు, ప్రకాశం జిల్లా)

సమాధానం: మానేయకండి. మామూలు చూపు అద్దాలు దెబ్బకు తట్టుకోవడానికి చేసినవి కావు. పగిలితే ఆ పెంకులే కంట్లో పడతాయి.

లెక్క చూడండి. నాలుగంగుళాల గ్రైండరు నిమిషానికి 11,000 చుట్లు తిరిగితే డిస్కు అంచు సెకనుకు దాదాపు 58 మీటర్ల వేగంతో కదులుతుంది, అంటే గంటకు 200 కిలోమీటర్ల పైమాటే. డిస్కు చిట్లితే ముక్క బయలుదేరే వేగం అది. యూరప్‌లో చాలాకాలంగా వాడుకలో ఉన్న ఈఎన్ 166 ప్రమాణంలో, ఆరు మిల్లీమీటర్ల ఉక్కు గోళీని సెకనుకు 45 మీటర్ల వేగంతో కొట్టినా తట్టుకునే అద్దానికి 'ఎఫ్' గుర్తు, 120 మీటర్లకు 'బి', 190 మీటర్లకు 'ఎ' ఇస్తారు. చెవులకు తగిలించుకునే కళ్లజోడుకు 'ఎఫ్' దాటి రాదు. తల చుట్టూ పట్టీతో బిగిసే గాగుల్స్‌కు 'బి' వరకు, ముఖాన్నంతా కప్పే షీల్డుకు 'ఎ' వరకు దొరుకుతుంది. డిస్కు పనికి 'బి' గాగుల్స్ పెట్టుకొని పైన షీల్డు దించుకోవడం సబబు. అద్దం మీద ఒక అక్షరం, ఫ్రేము మీద మరొక అక్షరం ఉంటే తక్కువదాన్నే లెక్కలోకి తీసుకోవాలి. దుకాణంలో ఈ రెంటినీ తిప్పి చూసేవారు చాలా అరుదు. మన దేశపు కంటి రక్షణ ప్రమాణం ఐఎస్ 5983. అమెరికా సరుకైతే 'జెడ్ 87' పక్కన ప్లస్ గుర్తు ఉందో లేదో చూడాలి, ఆ ప్లస్ ఉంటేనే వేగంగా తగిలే దెబ్బకు పరీక్షించినట్లు.

ఆవిరి విషయానికి వస్తే, తప్పు గాగుల్స్‌ది కాకపోవచ్చు. ముక్కుకు కట్టుకున్న మాస్కు పైఅంచు వదులుగా ఉంటే వెచ్చని ఊపిరంతా నేరుగా గాగుల్స్ లోకి పోతుంది. మాస్కు మీదుండే లోహపు పట్టీని ముక్కు ఆకారానికి గట్టిగా నొక్కి చూడండి; సగం ఆవిరి అక్కడే తగ్గుతుంది. అసలు గ్రానైట్ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులను పాడుచేస్తుంది కనుక ఆ మాస్కు అంచు బిగియడం కంటికంటే ముందు మీ ఊపిరికే అవసరం. తువ్వాలు చుట్టుకొని పని చేసేవారికీ ఇదే చెబుతాను. ఆవిరి పట్టని పూత ఉన్న అద్దానికి 'ఎన్' గుర్తు ఉంటుంది. అద్దాన్ని పొడిగుడ్డతో రుద్దితే రాతి పొడి గీతలు పెట్టి ఆ పూతను లేపేస్తుంది. ముందు నీళ్లతో కడిగి తరవాత తుడవాలి. ఖర్చు పెట్టుకోగలిగితే, మీ పవరుతోనే పాలీకార్బొనేట్ అద్దాలు బిగించిన, పక్కకవచాలున్న సేఫ్టీ ఫ్రేము చేయించుకోండి. అప్పుడు రెండు జతల అద్దాల బాధ ఉండదు.

నలుసు పడితే రుద్దకండి, తోటి పనివాడి చేత అగ్గిపుల్లతోనో, చేతిగుడ్డ కొసతోనో తీయించుకోకండి. ఇనుప ముక్క కంట్లో గుచ్చుకుందన్న అనుమానం ఉంటే కంటి మీద ఒత్తిడి పడకుండా కాగితపు కప్పు వంటిది అడ్డం పెట్టి ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడ ఇనుప ముక్క సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే ఎంఆర్ఐ యంత్రపు అయస్కాంతం లోపలి ఇనుమును కదిలించి కంటిని మరింత దెబ్బతీయగలదు.

ప్రశ్న: ఫార్మా కంపెనీలో రియాక్టరులోకి కాస్టిక్ ద్రావణం, ఒక్కోసారి ఎసిటోన్ ఎక్కిస్తుంటాం. మాకు తేట కళ్లజోళ్లు, ముఖానికి షీల్డు ఇచ్చారు. ఇవి చాలునా? (ఒక పాఠకురాలు, పరవాడ)

సమాధానం: చాలవు. చిందిన ద్రవం షీల్డు కింది నుంచీ, పక్కల నుంచీ లోపలికి వస్తుంది, నుదుటి మీద పడింది కారుతూ కళ్లజోడు పైసందు గుండా కంట్లోకి జారుతుంది. ముఖం చుట్టూ అంటుకొని ఉండే గాగుల్స్ కావాలి. వాటి గాలి రంధ్రాలు సూటిగా తెరుచుకొని ఉండకూడదు, లోపల మలుపు తిరిగి ఉండాలి. ఈఎన్ 166 ఫ్రేము మీద '3' అంకె, అమెరికా ప్రమాణమైతే 'డి 3' అని ఉంటే ద్రవపు చుక్కలను ఆపుతాయని అర్థం. ఆ గాగుల్స్ మీదనే షీల్డు దించుకోవాలి గాని, షీల్డు ఉంది కదా అని గాగుల్స్ తీయకూడదు.

ఎసిటోన్ వాడుతున్నారు గనుక అద్దం దేనితో చేసిందో కూడా అడగండి. దెబ్బకు అంత గట్టిగా నిలిచే పాలీకార్బొనేట్ ఎసిటోన్ తగిలితే మసకబారి పగుళ్లిస్తుంది. కొన్ని ద్రావకాల దగ్గర ఎసిటేట్ అనే మరో రకం ప్లాస్టిక్ అద్దం మెరుగని అంటారు గాని, ఎసిటోన్‌కు ఎసిటేట్ కూడా కరుగుతుంది. కాబట్టి మీరు వాడే ద్రావకం పేరు చెప్పి, దానికి తట్టుకుంటుందని తయారీదారు రాసిచ్చిన సరుకే తీసుకోవాలి. ద్రావకం చిందిన గాగుల్స్‌ను కడిగి మళ్లీ వాడకుండా మార్చేయడం మంచిది.

కాస్టిక్ వంటి క్షారాలు ఆమ్లాల కంటే ఎక్కువ హాని చేస్తాయి. చాలా ఆమ్లాలు పై పొరను గడ్డకట్టించి అక్కడ ఆగిపోతే, క్షారం కణజాలాన్ని కరిగించుకుంటూ లోతుకు పోతుంది. పడిన వెంటనే రెప్పలు వేళ్లతో విడదీసి పట్టుకొని, కనీసం పావుగంట పాటు శుభ్రమైన నీటితో కడుగుతూనే ఉండాలి. క్షారానికి విరుగుడని నిమ్మరసమో, వెనిగరో వేయకూడదు. కళ్లు కడిగే కుళాయి మీరు నిలబడే చోటికి పది సెకన్ల నడకలో ఉందో లేదో రేపు డ్యూటీకి వెళ్లగానే చూడండి. దాని ముందు డ్రమ్ములు పేర్చి ఉంటే అది లేనట్లే.

ప్రశ్న: చేత్తో పట్టుకొని చేసే ఫైబర్ లేజర్ వెల్డింగ్ యంత్రం కొన్నాం. పాత ఆటోమేటిక్ హెల్మెట్ వాడుకోవచ్చా? (ఒక పాఠకుడు, హైదరాబాద్)

సమాధానం: ఆ ఒక్కదానితో పని మొదలుపెట్టకండి. ఈ యంత్రాల కిరణం దాదాపు 1,070 నానోమీటర్ల దగ్గర ఉంటుంది, కంటికి కనబడదు. కంటిలోని కటకం దాన్ని రెటీనా మీద, అంటే కంటి వెనక ఉండే చూపు పొర మీద, ఒకే బిందువుగా కేంద్రీకరిస్తుంది. రెటీనాకు నొప్పి తెలియదు కనుక, చూపులో మచ్చ కనబడే దాకా జరిగిన నష్టం తెలియదు, ఆ నష్టం తిరిగి పూడేది కాదు. మీ పాత హెల్మెట్ ఆర్క్ వెలుగు కోసం చేసినది.

లేజర్ కళ్లజోడు మీద రెండు వివరాలు అచ్చయి ఉండాలి: ఏ తరంగదైర్ఘ్యానికి, ఎంత ఆప్టికల్ డెన్సిటీ. ఆ డెన్సిటీ 6 అంటే కిరణంలో పది లక్షల వంతు మాత్రమే లోపలికి వస్తుందని అర్థం. మీ యంత్రం శక్తికి ఎంత కావాలో తయారీదారు పుస్తకంలో ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ లేజరుకు, అంటే 10,600 నానోమీటర్లకు చేసిన కళ్లజోడు మీ యంత్రానికి పనికిరాదు. అద్దం రంగు పచ్చగా ఉందా, ఎర్రగా ఉందా అని చూసి కొనడం చూపుతో జూదమాడటమే. అతుకు దగ్గర పుట్టే మిరుమిట్ల వెలుగు కూడా ఉంటుంది కనుక లేజర్ వెల్డింగ్ కోసమే చేసిన హెల్మెట్ తీసుకోండి, దాని కింద లేజర్ కళ్లజోడు పెట్టుకోండి. మెరిసే స్టీలు నుంచి కిరణం ఎటైనా తిరగవచ్చు. అందుచేత ఆ గదిలోకి వచ్చే ప్రతి ఒక్కరికీ అదే రకం కళ్లజోడు ఉండాలి, చుట్టూ తెర కట్టాలి.

ప్రశ్న: మా ఫ్యాక్టరీలో గాగుల్స్ ఇచ్చి జీతంలో డబ్బు కోశారు. ఇది న్యాయమేనా? (ఒక పాఠకుడు, విజయవాడ)

సమాధానం: కాదు. రవ్వలు, ముక్కలు ఎగిరే చోటా, మితిమీరిన వెలుగు ఉన్న చోటా తెరలు గానీ, తగిన గాగుల్స్ గానీ సమకూర్చే బాధ్యతను 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 35వ సెక్షన్ యాజమాన్యం మీదే పెట్టింది. అలా ఇచ్చే పరికరాలకు కార్మికుడి దగ్గర డబ్బు వసూలు చేయకూడదని అదే చట్టం 114వ సెక్షన్ చెప్పింది. 2020లో పార్లమెంటు ఆమోదించగా, 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ కూడా ఇదే మాట చెబుతోంది. జీతం చీటీ నకలు జతచేసి మీ ప్రాంతపు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.

ప్రశ్న: కాంటాక్ట్ లెన్సు పెట్టుకొని వెల్డింగ్ చేస్తే అది కరిగి కనుగుడ్డుకు అతుక్కుపోతుందంటున్నారు. నిజమేనా? (ఒక పాఠకుడు, కర్నూలు)

సమాధానం: వట్టి పుకారు. తగిన షీల్డు ఉంటే లెన్సుతో వెల్డింగ్ చేయవచ్చు. లెన్సు మాత్రం రక్షణ పరికరం కాదు. దుమ్ము విపరీతంగా లేచే చోటా, రసాయనాల దగ్గరా చూపు అద్దాలతోనే పని చేసుకోవడం నయం, ఎందుకంటే లెన్సు కింద చిక్కిన నలుసునూ, రసాయనాన్నీ కడిగేయడం కష్టం. రసాయనం పడితే లెన్సు తీయడం కోసం ఆగకుండా ముందు నీళ్లు పోయడం మొదలుపెట్టి, కడుగుతూనే దాన్ని తీసేయండి.