నోటు లెక్కతో మొదలుపెట్టు

తమ్ముడూ,

పొదుపు, అప్పుల మీద నువ్వు రాసిన రాతప్రతి మొత్తం చదివిన. మీ అమ్మ పుస్తెలతాడు కొంగులో ముడేసుకుని గోల్డ్ లోన్ కౌంటర్ ముందు నిలబడ్డ పేజీ బాగుంది. దాని వెంటనే వచ్చే చక్రవడ్డీ అధ్యాయం చదివితే మాత్రం ఒళ్లు మండింది. పాతికేళ్ల కుర్రాడు నెలకు 10,000 పొదుపు చేసుకుంటూ పోతే అరవై ఏళ్లకు కోటీశ్వరుడవుతాడని రాశావు. ఎవరా కుర్రాడు? అచ్చంపేటలోనా, దేవరకొండలోనా? మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని పని వెతుక్కుంటూ వలస పోయేవాడికి నెలనెలా 10,000 ఎక్కడ మిగులుతాయి?

మన దగ్గర చక్రవడ్డీని అందరూ అప్పు వైపు నుంచే చూశారు. నెలకు నూటికి రెండు రూపాయల మిత్తికి ఒకాయన 50,000 తెస్తాడు. పంట పోతుంది, ఏమీ కట్టలేడు. మూడేళ్లు దాటితే ప్రామిసరీ నోటు మీద దావా వేయడానికి గడువు తీరిపోతుంది కాబట్టి సేటు ఆలోపే పిలిచి నోటు తిరగరాయిస్తాడు. అప్పటికి మిత్తి 36,000, కొత్త నోటు 86,000. ఇప్పుడు మిత్తి 86,000 మీద నడుస్తుంది. ఇంకో మూడేళ్లకు మళ్లీ తిరగరాస్తే 1,47,920. ఈ లెక్క వరసగా వేసి చూపించు, అదే చక్రం బ్యాంకు డిపాజిట్‌లో మనకోసం ఎట్లా తిరుగుతుందో ఆ తర్వాత చెప్పు, అప్పుడు నమ్ముతారు.

లెక్కలు ఎక్కువైతే జనం చదవరని ఒక ఎడిటర్ నీతో అన్నాడట. నాకూ అదే చెప్పారు. ఒక వారపత్రికకు రైతు అప్పుల మీద రాస్తే పట్టికలన్నీ కోసేసి ఆ జాగాలో నాణేల కుప్ప మీద మొలకెత్తిన మొక్క బొమ్మ వేశారు, ఆ కోపం ఇప్పటికీ పోలేదు. ఆ పట్టికలతోనే అప్పు చేసి చిన్న పుస్తకం అచ్చేయించి, మిర్యాలగూడకు వడ్లు తెచ్చిన రైతులకు పంచిన. ఒకాయన నా ముందే కూర్చుని, ఒక్కో వరస మీద వేలు పెట్టుకుంటూ, బీడీకట్ట కాగితం మీద తన అప్పు లెక్క వేసుకున్నాడు. ధనవంతులయ్యే సూత్రాలుంటేనే అచ్చేస్తామనే ప్రచురణకర్తలకు ఆ మనిషి ఎప్పటికీ కనబడడు.

ఫ్లాట్ వడ్డీని ఒక్క వాక్యంతో దాటేశావు, అది నాలుగు పేజీల సంగతి. లక్ష రూపాయలు 12 శాతం ఫ్లాట్‌కు తీసుకుని ఏడాదిలో 12 వాయిదాలు కడితే వడ్డీ 12,000. అదే 12 శాతం వాయిదా కట్టినకొద్దీ తగ్గే అసలు మీద వేస్తే 6,600 పైచిలుకే. సగం అసలు తీరిపోయాక కూడా మొత్తం లక్షకు వడ్డీ లాగుతున్నారన్నమాట. 2024 అక్టోబర్ 1 నుంచి కొత్త రిటైల్ అప్పులకు బ్యాంకైనా ఫైనాన్స్ కంపెనీ అయినా కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్, అంటే అప్పు ముఖ్య వివరాలన్నీ ఒకచోట రాసిన కాగితం ఇవ్వాలి, అదీ తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో. ఛార్జీలు కూడా కలిపిన ఏడాది రేటు అందులో ఉంటుంది. అట్లాంటి కాగితం ఒకటి సంపాదించి అందులోని ఒక్కో గడినీ వివరించు.

బ్యాంకు మునిగితే మన డిపాజిట్‌కు దక్కే బీమా లక్ష అని రాశావు, 2020 ఫిబ్రవరి నుంచి అది ఐదు లక్షలు, దిద్దుకో. షేర్ల అధ్యాయాన్ని చివరికి జరుపు. ముందుమాట, ప్రచురణ సంగతులు తర్వాత మాట్లాడుకుందాం. ముందు మీ ఊళ్లో ఎవరినైనా అడిగి తీరిపోయిన పాత నోట్లు చూడు, పేర్లు తీసేసి ఆ అంకెలతో చక్రవడ్డీ అధ్యాయం మళ్లీ రాసి పంపు.