రోడ్డు మీద శ్వాసగొట్టం వేయాల్సి వస్తే వీడియో లారింగోస్కోప్ ఎంతవరకు సాయపడుతుంది?

బాగానే సాయపడుతుంది, నేర్చుకున్న చేతుల్లో ఉంటే. స్పృహ లేని మనిషి శ్వాసనాళంలోకి గొట్టం వేయడాన్ని ఇంట్యుబేషన్ అంటారు. మామూలు లారింగోస్కోప్‌తో (గొంతు లోపల చూడటానికి వాడే బ్లేడున్న పరికరం) అయితే నాలుకను పక్కకు నెట్టి, పైకెత్తి, స్వరతంత్రుల్ని నేరుగా కంటితో చూడాలి. ఆపరేషన్ థియేటర్‌లో టేబుల్ ఎత్తు సర్దుకోవచ్చు. ప్రమాదం జరిగినచోట మనిషి నేల మీదుంటాడు, మెడకు దెబ్బ తగిలిందేమోనని తల వెనక్కి వంచడానికీ ఉండదు. వీడియో లారింగోస్కోప్‌లో బ్లేడు కొస దగ్గరున్న చిన్న కెమెరా లోపలి దృశ్యాన్ని స్క్రీన్ మీద చూపిస్తుంది. పక్కనున్నవాళ్లూ చూసి సాయం చేయగలరు.

అమెరికాలో చేసిన డివైస్ అధ్యయనంలో (2023) మొదటి ప్రయత్నంలోనే గొట్టం పడింది వీడియోతో 85 శాతం మందికి, మామూలు దానితో 71 శాతం మందికి. అయితే అది ఎమర్జెన్సీ విభాగాలు, ఐసీయూల లెక్క. దాన్ని అలాగే రోడ్డుకు అన్వయించలేం. బయట కెమెరాకు రక్తమో వాంతో అంటితే ఇక ఏమీ కనబడదు, కాబట్టి వాటిని పీల్చేసే సక్షన్ పరికరం చేతికందేలా ఉండాలి. మిట్టమధ్యాహ్నం ఎండలో స్క్రీన్ చూడటమూ కష్టమే (ఫోన్ వాడేవాళ్లందరికీ తెలిసిన బాధే!). ఇంకో తిరకాసు, బాగా వంపున్న బ్లేడుతో స్వరతంత్రులు చక్కగా కనబడినా గొట్టం ఆ మలుపు తిరగకపోవచ్చు. అందుకు తగ్గ వంపున్న స్టైలెట్ (గొట్టం లోపల పెట్టి దాన్ని వంపులో నిలిపే కడ్డీ) కావాలి.

స్క్రీన్‌లో చూశాం కదా అని ఊరుకోకూడదు. గొట్టం సరైన చోటే ఉందని కాప్నోగ్రఫీ (వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే పద్ధతి) తరంగం చూసి నిర్ధారించుకోవాలి. ఒకటి రెండు ప్రయత్నాల్లో పడకపోతే మొండికేయకుండా బ్యాగ్-మాస్క్‌కో (ముఖానికి మాస్కు పెట్టి, బ్యాగు నొక్కి ఊపిరి అందించడం) సుప్రాగ్లాటిక్ ఎయిర్‌వేకో (స్వరతంత్రుల పైనే ఆగే గొట్టం) మారాలి.