7200, 5400 ఆర్‌పీఎం డిస్కులను లినక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్‌లో కలపవచ్చా?

నిరభ్యంతరంగా కలపవచ్చు. రెయిడ్ అంటే పలు డిస్కులను ఒకే డిస్కులా కలిపి వాడే పద్ధతి, ఆర్‌పీఎం అంటే డిస్కు నిమిషానికి తిరిగే చుట్లు. డేటాకు ముప్పేమీ లేదు, తగ్గేది వేగమే. అది కూడా రెయిడ్ లెవెల్‌ను బట్టి ఉంటుంది.

రెయిడ్ 5, 6లలో ప్రతి స్ట్రైప్ (ముక్కలు చేసిన డేటాలో ఒక వరుస) అన్ని డిస్కుల మీదా పరుచుకుంటుంది. కాబట్టి పెద్ద ఫైళ్లు రాసేటప్పుడు మిగతావన్నీ నెమ్మది డిస్కు కోసం ఆగాల్సిందే. సగటు రొటేషనల్ లేటెన్సీ (కావలసిన చోటు తిరిగి హెడ్ కిందికి వచ్చేదాకా ఆగే సమయం) 7200కి సుమారు 4.2 మిల్లీసెకన్లు, 5400కి 5.6. ఇంట్లో సినిమాలు, ఫొటోలు దాచుకునే సర్వర్లో ఈ తేడా పెద్దగా తెలియదు.

ఒకే డేటాను ప్రతి డిస్కులోనూ ఉంచే రెయిడ్ 1లో మాత్రం చక్కటి ఉపాయం ఉంది. నెమ్మది డిస్కుకు రైట్-మోస్ట్‌లీ ఫ్లాగ్ పెడితే, తప్పనిసరైతే తప్ప లినక్స్ దాని నుంచి చదవదు. ఎస్ఎస్‌డీకి మామూలు హార్డ్ డిస్కును జత చేసేవారికి ఇది నిజంగా వరం. రాతలు మాత్రం రెండింటికీ వెళ్తాయి. బిట్‌మ్యాప్ (ఏ భాగాల్లో రాతలు ఇంకా పూర్తి కాలేదో గుర్తుంచుకునే పట్టిక) ఉంటే రైట్-బిహైండ్ కూడా పెట్టుకోవచ్చు, అప్పుడు నెమ్మది డిస్కులో రాత పూర్తయ్యేదాకా ఆగనక్కర్లేదు. అయితే ఆ కాసేపూ అది వెనకబడి ఉంటుంది. సరిగ్గా అప్పుడే సిస్టమ్ ఆగిపోయి, వేగం డిస్కు కూడా పోతే చివరి రాతలు దక్కవు.

నన్నడిగితే ఆర్‌పీఎం కంటే ముందు చూడాల్సింది అది ఎస్ఎమ్ఆర్ డిస్కా (ట్రాకులను ఒకదాని మీద ఒకటి కొంత కప్పేలా రాసే రకం) కాదా అని. రెయిడ్ 5, 6 లాంటి పారిటీ రెయిడ్‌లో అలాంటిది ఒక్కటి ఉన్నా రీబిల్డ్ (మార్చిన డిస్కులో డేటాను తిరిగి నింపడం) విపరీతంగా ఆలస్యమవుతుంది, ఒక్కోసారి మధ్యలోనే డిస్కు అర్రే (కలిపిన డిస్కుల సముదాయం) నుంచి బయటపడిపోతుంది. దయచేసి కొనేముందే మోడల్ నంబర్ వెతికి చూసుకోండి.