నాన్న చూపించిన మూడు చెరువులు

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. విజయవాడ వన్‌టౌన్‌లో మందుల హోల్‌సేల్ దుకాణం ఉంది. నిరుడు వేసవిలో నాన్న పోయారు. ఏటి సూతకం కాబట్టి ఆ కార్తీకంలో వనభోజనాలకు వెళ్లలేదు. ఈసారి ఒక ఆదివారం అమ్మను, భార్యను, తొమ్మిదో తరగతి చదివే కూతుర్ని కొండవీడు తీసుకెళ్లాను. నా పదో ఏట నాన్న నన్ను కాలిబాటన ఎక్కించి కొండ మీది ముత్యాలమ్మ, పుట్టాలమ్మ, వెదుళ్ల చెరువులు మూడూ చూపించారు. దారిలో అమ్మాయికి రెడ్డిరాజుల చరిత్ర చెప్పాను. అనపోతారెడ్డి అద్దంకి నుంచి రాజధానిని అక్కడికి మార్చడం, కోటలో నీటి కోసం కొండ మీద చెరువులు నిలపడం అన్నీ చెప్పాను. ఘాట్ రోడ్డులో అమ్మాయికి వాంతి అయింది. మొదటి చెరువు గట్టున కూర్చుని ఇక లేవనంది. పొద్దుపోతోందని తొందరపెట్టాను. వినలేదు. ‘పని మానుకుని మీ కోసం వస్తే ఇదా మర్యాద’ అని నలుగురిలో కేకలు వేశాను. మిగతా చెరువులు చూడకుండానే తిరిగొచ్చాం. అమ్మ దారంతా కళ్లు తుడుచుకుంటూనే ఉంది. నా భార్య ఏమీ అనలేదు. రెండు వారాలుగా కూతురు నాతో మాట్లాడటం లేదు. వచ్చే నెల అరకు తీసుకెళ్తానన్నా తల తిప్పలేదు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ అరకు మాట వెనక్కి తీసుకోండి. ఘాట్ రోడ్డు మలుపులకు వాంతి చేసుకున్న పిల్లకు అంతకంటే పెద్ద ఘాట్ రోడ్డు చూపిస్తానంటున్నారు. పైగా తప్పు మాట ఒకటి అని, దాని మీద ప్రయాణం ఒకటి కప్పేస్తే సరిపోతుందనుకోవడం పద్నాలుగేళ్ల పిల్లకు ఇట్టే తెలిసిపోతుంది.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అమ్మాయికి అనపోతారెడ్డి గురించి చెప్పారు. చెరువులు ఎందుకు కట్టారో చెప్పారు. మీ నాన్న మిమ్మల్ని ఆ చెరువుల దాకా చేయి పట్టుకుని నడిపించారన్న సంగతి మాత్రం ఆమెకు చెప్పినట్టు ఎక్కడా రాయలేదు. నాకు రాశారు, ఇంట్లో చెప్పలేదు. ఆ పిల్లకు అది ఎండలో ఉన్న ఒక చెరువు, దాని తర్వాత ఇంకొకటి. కడుపులో తిప్పుతున్నప్పుడు నీళ్ల పక్కన చల్లగా కూర్చోబుద్ధయింది, కూర్చుంది. నిజానికి ఆ రోజు మీ నలుగురిలో చెరువును చెరువుగా చూసింది ఆమె ఒక్కతే అని నా అనుమానం. మీరు మూడు చెరువులు లెక్కపెట్టుకుంటూ నాన్న వెనక పరుగెడుతున్నారు. మూడోది చూడకపోతే ఆయన మళ్లీ పోయినట్టు అనిపించి ఉంటుంది. ఆ కేక అక్కడి నుంచి వచ్చింది. దుఃఖం మగవాళ్ల నోట చాలాసార్లు కోపంగానే బయటికొస్తుంది. మీ ఒక్కరికే జరిగింది కాదు. అయినా దెబ్బ తగిలింది మాత్రం పిల్లకు.

కాబట్టి రెండు పనులు, రెండూ వేరువేరుగా చేయండి. మొదటిది క్షమాపణ. ‘ఏదో కోపంలో అన్నాను’ అంటే చాలదు. ‘పని మానుకుని మీ కోసం వచ్చానన్నాను, నలుగురిలో అన్నాను, అది తప్పు’ అని ఆ మాటనే పట్టుకుని చెప్పండి. చెప్పి ఊరుకోండి. వెంటనే నవ్వాలని, మాట్లాడాలని చూడకండి. ఆమె తన గదిలోకి వెళ్లిపోయినా సరే, వెనకే వెళ్లకండి. నాన్న కథను మాత్రం దానితో కలపకండి. కలిపితే అది సంజాయిషీ అవుతుంది. కొన్నాళ్లు ఆగి ఏ సాయంత్రమో, అన్నాలయ్యాక, ఫోను పక్కన పెట్టి చెప్పండి.

ఇక మీ భార్య. ఉత్తరం మొత్తంలో ఆవిడకు దక్కింది ఒకటే వాక్యం: ‘ఏమీ అనలేదు’. వనభోజనమంటే పులిహోర, దద్దోజనం చెట్టు కింద పుట్టవు కదా. ఆ ఆదివారం ఆవిడ ఎన్నింటికి లేచారో మీకు తెలుసా? ఆ డబ్బాలు ఎక్కడ విప్పారో, ఎవరు తిన్నారో, తిరిగొచ్చాక ఎవరు కడిగారో మీరు రాయలేదు. పని మానుకున్నది మీరొక్కరే అని మీరు కేకేసినప్పుడు ఆవిడ పక్కనే నిలబడి ఉన్నారు. ఆ మౌనాన్ని సర్దుకుపోవడంగా తీసుకోకండి. ఆవిడకు చెప్పాల్సిన క్షమాపణ కూడా ఒకటి మిగిలే ఉంది.

అమ్మాయి మళ్లీ ఎప్పుడైనా మీతో కారెక్కితే ముందు సీటు ఆమెకివ్వండి. లోపలి చెవి కదులుతున్నామంటుంది, ఫోను చూస్తున్న కళ్లు కదలడం లేదంటాయి. ఆ పేచీకే కడుపులో తిప్పుతుంది. దూరంగా రోడ్డును చూస్తూ కూర్చుంటే చాలామందికి తగ్గుతుంది. బయలుదేరే ముందు పూరీలు వద్దు, రెండు ఇడ్లీలు చాలు. కార్తీకంలో ఐదున్నర దాటితే పొద్దు వాలిపోతుంది కాబట్టి పెందలాడే బయలుదేరండి, లేదా ఒక్క చెరువుతో సరిపెట్టుకోండి. ఏ చెరువు అన్నది ఆమెనే చెప్పనివ్వండి. అసలు రానంటే అదీ సరే. ప్రకాశం బ్యారేజీ మీద సాయంత్రం నడక కూడా నీళ్ల పక్కన నడకే.

మీ అమ్మగారు ఎందుకు ఏడ్చారో మీరు అడగలేదు. మనవరాలి కోసమా, భర్త కోసమా, మీ గొంతులో ఆయన గొంతు వినిపించినందుకా, నాకు తెలియదు. మీరు ఆమె పక్కన కూర్చుని అడగండి. మీ పదో ఏట ఆ కొండకు వెళ్లిన రోజు తెల్లవారుజామున అన్నం మూట కట్టింది కూడా ఆవిడే అయి ఉంటుంది. ఆ రోజు మీ నాన్నగారు తిరిగొచ్చి ఏమని చెప్పారో, మీరు మూడు చెరువులూ మారాం చేయకుండా నడిచారో లేదో కూడా అడగండి. అమ్మాయి వినేలా అడగండి.